టేపు చుట్టే హబ్: ఎక్కడ గట్టిగా ఉండాలి, ఎక్కడ ఒదగాలి

అందరికీ నమస్కారం. టూల్‌రూముల్లో పనిచేసేవాళ్లు, పాత టేపులను డిజిటల్‌కు మార్చేవాళ్లు ఒకే హాల్లో కూర్చోవడం హైదరాబాద్‌లో అరుదు. బాలానగర్ వాళ్ల దగ్గర లేత్‌లున్నాయి, ఆర్కైవ్‌ల వాళ్ల దగ్గర విరిగిన హబ్‌లున్నాయి. హబ్ అంటే రీలు మధ్యలో టేపు చుట్టుకునే చక్రం. కాబట్టి నేరుగా పనిలోకి వెళ్దాం.

పావు అంగుళం టేపు, 10.5 అంగుళాల నాబ్ (అమెరికా ప్రసారకుల సంఘం ప్రమాణం) రీలు తీసుకుందాం. హబ్ బయటి వ్యాసం 114.3 మి.మీ., మధ్య రంధ్రం 76.2 మి.మీ. దాని మీదికి 762 మీటర్ల టేపు, 50 మైక్రాన్ల మందంతో, ఎక్కుతుంది. లెక్కేస్తే దాదాపు 1340 పొరలు. 1 న్యూటన్ బిగువుతో చుడితే హబ్ మీద పడే ఒక్క పొర ఒత్తిడి 2.8 కిలోపాస్కల్. చూడ్డానికి ఏమీ లేదు. కానీ అన్ని పొరలదీ కలిపితే, లోపలి పొరలు ఏమాత్రం వదులు కాకపోతే, హబ్ మీద దాదాపు 2.5 మెగాపాస్కల్ పడాలి. అంటే చదరపు సెంటీమీటరుకు 25 కిలోలు. నిజానికి పైపొరలు నొక్కేకొద్దీ లోపలివి బిగువు కోల్పోతాయి కాబట్టి ఒత్తిడి అందులో కొంతే ఉంటుంది. 0.5 మెగాపాస్కల్ అనుకుని లెక్క చేద్దాం.

హబ్ బయటి రింగు 3 మి.మీ. మందం ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేశారనుకోండి. ఈ ఒత్తిడికి అది 0.4 శాతం కుంచించుకుపోతుంది. అదే మందం అల్యూమినియం అయితే 0.014 శాతం. ఇప్పుడు టేపు వైపు చూడండి. 1 న్యూటన్ బిగువుకు పాలిస్టర్ టేపు సాగేది 0.07 శాతమే. హబ్ అంతకంటే ఎక్కువ ముడుచుకుంటే లోపలి పొరల్లో బిగువు మిగలదు. హబ్ కుంచించుకుపోతే ఒత్తిడీ తగ్గిపోతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. తగ్గుతుంది, నిజమే. లోపలి పొరలు వదులవడం వల్లే తగ్గుతుంది. ఆ వదులు పొరలు బ్రేకు పడినప్పుడు జారి మడతలు పడతాయి. మడత పడ్డ చోట ఆక్సైడు పూత దెబ్బతింటే ఆ శబ్దం పోయినట్టే.

ఇదే చిక్కు వేడి రూపంలోనూ వస్తుంది. మే నెలలో ఏసీ లేని గదిలో 40 డిగ్రీల దగ్గర చుట్టి, తర్వాత 20 డిగ్రీల స్టోర్‌లో పెట్టారనుకోండి. ఏబీఎస్ డిగ్రీకి లక్షలో 8 వంతులు ముడుచుకుంటుంది, పాలిస్టర్ 1.7 వంతులే. 20 డిగ్రీలకు తేడా 0.126 శాతం, అంటే మళ్లీ టేపు బిగువు సాగుడు కంటే ఎక్కువే. అల్యూమినియంతో ఆ తేడా 0.012 శాతం. రెండు లెక్కలూ ఒకే వైపు చూపిస్తున్నాయి: టేపు కూర్చునే రింగు లోహంతో ఉండాలి. మన్నిక కోసం కూడా మంచిదే అనుకోండి, కానీ అసలు కారణం ఇది. క్యాసెట్ హబ్ విషయం వేరు. దాని వ్యాసార్థం 11 మి.మీ. చుట్టుపక్కలే కాబట్టి ప్లాస్టిక్ అయినా తట్టుకుంటుంది.

మరి ఒదుగు ఎక్కడ పెట్టాలి? స్పిండిల్‌ను, అంటే రీలును తిప్పే ఇరుసును, పట్టుకునే లోపలి రింగులో. బయటి రింగుకూ లోపలి రింగుకూ మధ్య బండి చక్రానికి ఉన్నట్టు తిన్నని ఆకులు పెట్టకండి. ఆకు ఉన్న చోట హబ్ గట్టిగా, మధ్యలో మెత్తగా ఉంటే చుట్ట గుండ్రంగా రాదు, మూలలు తేలుతుంది. ఎస్ ఆకారంలో, రింగుకు స్పర్శరేఖగా సాగే మూడు పక్కటెముకలు చాలు. తిప్పేటప్పుడు అవి గట్టిగా లాగుతాయి, వ్యాసం దిశలో మాత్రం కొద్దిగా ఒదుగుతాయి. బయటి నుంచి వచ్చే ఒత్తిడి రంధ్రం దాకా చేరదు కాబట్టి నిండు రీలు స్పిండిల్ మీది అడాప్టర్‌కు బిగుసుకుపోయి ఊడిరాని పరిస్థితి తప్పుతుంది. పక్కటెముక మందం జాగ్రత్త: 1.2 నుంచి 1.5 మి.మీ.కు పెంచితే గట్టిదనం దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే అది మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 

స్పిండిల్‌ను పట్టే వేళ్లు 12 మి.మీ. పొడవు, 1.5 మి.మీ. మందం పెట్టి 0.4 మి.మీ. వంచితే వేలి మొదలు దగ్గర వచ్చే సాగు 0.6 శాతం. ఏబీఎస్‌కైనా, త్రీడీ ప్రింటింగ్‌లో వాడే పీఈటీజీ ప్లాస్టిక్‌కైనా అది ఇబ్బంది లేని అంకె. కానీ లాక్ అయ్యాక కూడా వేలు వంగే ఉంటే ప్లాస్టిక్ నెలల్లో అలాగే అలవాటుపడి పట్టు పోతుంది. లాక్ స్థితిలో వేళ్లు సడలాలి, నిరంతరం నొక్కే పని స్ప్రింగ్ స్టీలు రింగుకు అప్పగించాలి. త్రీడీ ప్రింట్ చేసేవాళ్లకు ఒక మాట: పీఎల్ఏ ప్లాస్టిక్ వద్దు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో ఆపిన కారులో హబ్ వదిలేస్తే సాయంత్రానికి అది గుండ్రంగా ఉండదు.

లోపలి ప్లాస్టిక్ భాగం అల్యూమినియం రింగులో కూర్చున్నాక, హబ్‌ను దాని సొంత రంధ్రం మీదే బిగించి బయటి ముఖానికి చివరి కోత తీయండి. బయటి ముఖం ఊగుడు డయల్ గేజ్‌లో 0.05 మి.మీ. దాటకూడదు. మొత్తం ప్లాస్టిక్‌లోనే మౌల్డ్ చేస్తామనేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ముక్క ఊడిరావడానికి 1 డిగ్రీ వాలు ఇస్తే, 6.3 మి.మీ. వెడల్పులో వ్యాసార్థం 0.11 మి.మీ. తేడా వస్తుంది. టేపు పెద్ద వ్యాసం వైపు ఎక్కి ఫ్లాంజికి, అంటే రీలు పక్క పళ్లేనికి, రాసుకుంటుంది.

ఇక టేపు చివర. ఓపెన్ రీలులో చివరను చీలికలో దూర్చడం చాలామందికి అలవాటు. మానేయండి. ఆ మడత పైన వందల పొరల దాకా బుడిపెలా తేలుతుంది. గుంజకు తాడు మూడు చుట్లు తిప్పితే ఎద్దు లాగినా జారదు కదా, ఇక్కడా అంతే. ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే మూడు చుట్లు పట్టును 43 రెట్లు చేస్తాయి, ఐదు చుట్లు 500 రెట్లు దాటిస్తాయి. క్యాసెట్‌లో మాత్రం ప్రతి వైపూ టేపు చివరి దాకా పోతుంది కాబట్టి క్లిప్ తప్పదు. క్లిప్ వీపు వంపు హబ్ వంపుతో కలవాలి. లీడర్ (టేపు చివర అతికించే ఖాళీ పట్టీ) మందం కలుపుకుని కూడా అది హబ్ ఉపరితలం కంటే 0.03 నుంచి 0.05 మి.మీ. లోపలే ఉండాలి. పల్లమైతే టేపు దాని మీదుగా దాటేస్తుంది, గుట్ట అయితే దాటలేదు. చీలిక అంచును 0.3 మి.మీ. గుండ్రం చేయకపోతే లీడర్ అక్కడే తెగుతుంది.

పరీక్ష ఖర్చులేనిది. పనికిరాని టేపును నిండుగా చుట్టి, చుట్ట పక్కన హబ్ నుంచి అంచు దాకా తెల్ల మార్కర్‌తో తిన్నటి గీత గీయండి. 50 డిగ్రీల్లో ఒక రోజు ఉంచి, చల్లార్చి, పదిసార్లు ఫాస్ట్‌వైండ్‌లో ఆపి ఆపి నడపండి. మళ్లీ మొదటికి చుట్టి చూడండి. హబ్ దగ్గర గీత వంగితే రింగు మెత్తన. చుట్ట మధ్యలో విరిగితే వైండింగ్ బిగువు సమంగా లేదు. గీత తిన్నగానే ఉండి, సెకనుకు 38 సెం.మీ. వేగంలో రీలు చివర్లో శబ్దం సెకనుకు దాదాపు ఒకసారి ఊగుతుంటే, హబ్‌ను మళ్లీ లేత్ మీదికి ఎక్కించండి; రంధ్రం మధ్యలో లేదు.