పూర్వ విద్యార్థినుల పుస్తకంలో రెండు పేర్లు

శ్రోతలకు నమస్కారం.

మన రాజ్యాంగ సభ సభ్యుల జాబితాలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు కోసం వెతికితే దొరకదు. జి. దుర్గాబాయి అని ఉంటుంది. రాజమండ్రిలో 1909లో పుట్టిన ఆ మహాతల్లి మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టిందీ, లా చదివిందీ, రాజ్యాంగ సభలో మాట్లాడిందీ ఆ పాత పేరుతోనే. 1953లో సి.డి. దేశ్‌ముఖ్ గారిని పెళ్లాడాకే దేశ్‌ముఖ్ అయ్యారు. 1958లో స్త్రీ విద్యపై వేసిన జాతీయ కమిటీకి ఈ కొత్త పేరుతో అధ్యక్షురాలయ్యారు. తెలియనివాళ్లు ఆ రెండు కాగితాలూ చూస్తే ఇద్దరు మనుషులనుకుంటారు.

ఆమె అంతటి మనిషి కాబట్టి లోకం రెండు పేర్లనూ కలిపి గుర్తుపెట్టుకుంది. మరి మన బాలికల హైస్కూల్లో చదివిన అమ్మాయి సంగతి?

1952 నుంచి పద్మావతి మహిళా కళాశాల, 1983 నుంచి మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ఊరు మన తిరుపతి. ఇక్కడి బడుల నుంచి పైకొచ్చిన ఆడపిల్లలకు కొదవ లేదు. అయినా వార్షికోత్సవం నాడు వేదిక మీద వినిపించేది ఏటా అవే నాలుగు పేర్లు. మిగతావాళ్లు ఏమీ సాధించక కాదు, బడికి వాళ్ల జాడ తెలియక.

జాడ ఎందుకు తప్పుతుందంటే, మన ఊళ్లో ఒక్క తరగతిలోనే ముగ్గురు పద్మావతులు, ఇద్దరు అలివేలు మంగలు ఉంటారు. పెళ్లయ్యాక ఒకరు వేలూరు, ఒకరు బెంగళూరు, ఒకరు చెన్నై. తమిళనాడు వైపు వెళ్తే చాలామందికి భర్త పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్ అవుతుంది. బడిలో ఎం. పద్మావతి, అక్కడ ఎస్. పద్మావతి. ఇక ఎలా పోల్చుకుంటాం?

అందుకే పూర్వ విద్యార్థినుల పుస్తకంలో రెండు పేర్లు రాయండి. పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్న పేరు ఒకటి, ఇప్పటి పేరు ఒకటి. రెండూ పక్కపక్కన. వాటికి ముందు అడ్మిషన్ నంబరు వేయండి. పేర్లు కలిసినా ఆ నంబరు కలవదు. తర్వాత తల్లిదండ్రుల పేర్లు, పుట్టినూరు. ఇవి మారవు కాబట్టి పెన్నుతో రాయండి. ఇప్పటి ఊరు, ఉద్యోగం, ఫోను మారుతుంటాయి, వాటిని పెన్సిలుతో రాయండి. ఫోను నంబర్లు రెండుండాలి: ఆమెది, పుట్టింటిది. ఆమె నంబరు మారినా పుట్టింటివాళ్లు కొత్తది చెప్తారు.

అసలు అడ్మిషన్ రిజిస్టరు మీద మాత్రం ఒక్క గీత కూడా గీయకూడదు. అది బడి శాశ్వత రికార్డు. హెడ్మిస్ట్రెస్ అనుమతితో కావలసిన వివరాలే చేత్తో ఎత్తి రాసుకోండి. ఫోనుతో ఫొటో తీస్తే పుట్టిన తేదీ, కులం కూడా బయటికి పోతాయి.

వెతికేటప్పుడు అడ్రసు దగ్గర మొదలుపెడితే త్వరగా ఆగిపోతాం. బడి జీవితం దగ్గర మొదలుపెట్టండి. చంద్రగిరి బస్సులో ఎవరితో కలిసి వచ్చేది? హాస్టల్లో ఏ గది? ఖోఖో జట్టులో పక్కన ఎవరు కూర్చునేది? ముప్పై ఏళ్ల తర్వాత కూడా బస్సు నేస్తానికి పెళ్లి కబురు, కాన్పు కబురు తెలిసే ఉంటుంది. ఒక్కో బ్యాచికి ఒకరు కాదు, ఇద్దరు బాధ్యత తీసుకోవాలి. ఒకరి మీదే నడిస్తే, ఆమెకు బదిలీ అయిన ఏడాదే పని ఆగుతుంది.

ఉద్యోగం గడిలో 'టీచరు' అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఇది నేను గట్టిగా చెప్తాను. ఎనిమిదో తరగతి పిల్లకు ఆ ముక్కతో ఏం తెలుస్తుంది? ఇంటర్లో ఏ గ్రూపు తీసుకుంది, ఫీజు ఎలా కట్టింది, డీఎస్సీ ఎన్నోసారికి వచ్చింది, మధ్యలో చదువు ఆగితే మళ్లీ ఎలా మొదలుపెట్టింది, అవి రాయండి. పాకాల నుంచి రోజూ వచ్చే పిల్లకు పాకాల నుంచే వచ్చి నర్సయిన అక్క దారి తెలియాలి. కలెక్టరమ్మ కథ కంటే అదే ముందు పనికొస్తుందని నా అభిప్రాయం.

అందరినీ ఎప్పుడు పిలవాలి? మే నెలలో గంగజాతరకు. తిరుమల నుంచి గంగమ్మకు పుట్టింటి సారె వచ్చే రోజులు అవి, మన ఆడపడుచులూ పుట్టింటికి వస్తారు. కాకపోతే అప్పుడు బడికి సెలవులు. రిజిస్టరు ఉండే బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఏప్రిల్లోనే అడిగి పెట్టుకోండి. ఎండ తగ్గాక, సాయంత్రం నాలుగు తర్వాత పిలవండి.

చివరగా ఒక జాగ్రత్త. తన నంబరు, ఊరు ఎవరికీ చెప్పొద్దనే ఆడవాళ్లు కొందరుంటారు. కారణం అడగకండి. 'ఎవరికి ఇవ్వచ్చు?' అని ప్రతి ఒక్కరినీ అడిగి, ఆ జవాబుకూ ఒక గడి పెట్టండి. ఆ గడి ఖాళీగా ఉంటే నంబరు ఎవరికీ ఇవ్వకండి. అడిగినవాళ్ల నంబరే తీసుకుని ఆమెకు పంపండి, మాట్లాడాలనుకుంటే ఆమే చేస్తుంది.

నమస్కారం.