ఖాళీ డబ్బాకి చిల్లు పొడవండి

(నెల్లూరులో హోటళ్లు, కిరాణా కొట్ల వాళ్ల సమావేశంలో ఒక పాత ఇనుము వ్యాపారి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్న ఈ డబ్బా మీకు కొత్తది కాదు. 15 కిలోల పామాయిలు డబ్బా. ఓడలో కృష్ణపట్నం రేవుకి వచ్చిన నూనె ఆ చుట్టుపక్కల రిఫైనరీల్లో శుద్ధి అయి, ఇలాంటి డబ్బాల్లో మన స్టోన్‌హౌస్‌పేట కొట్లకి, అక్కడి నుంచి మీ పొయ్యి దగ్గరికి వస్తుంది. నూనె అయిపోయాక డబ్బా ఎటు పోతుందనేదే నేను చెప్పదలుచుకున్నది. 30 ఏళ్లుగా పాత ఇనుము కొంటున్నాను కాబట్టి ఆ దారి నాకు బాగా తెలుసు.

రేకు డబ్బా అంటాం గానీ ఇది అసలు సిసలు ఉక్కు. పైన మెరిసేది తగరం. మన అమ్మమ్మలు ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టించేవాళ్లు కదా, ఆ కళాయే ఇది. కాకపోతే చాలా పల్చన, మన వెంట్రుక మందంలో సుమారు వందో వంతు. ఇక్కడ చూడండి, మూల దగ్గర సొట్ట పడి గీసుకుపోయింది. ఆ గీత పొడుగునా ఎర్రగా తుప్పు. మైపాడు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఈ గీత చాలు. పెరట్లో ఒక వానాకాలం పడి ఉంటే అడుగు ఊడిపోతుంది. కాలవలో పడిందా, ఇక తుప్పే మిగులుతుంది. తుప్పుని ఉక్కు కరిగించే ఫర్నేసులో వేస్తే ఉక్కు సరిగా దిగదు, కరెంటు దండగ.

అదే డబ్బా శుభ్రంగా నా కాటా మీదికొస్తే మళ్లీ ఉక్కే అవుతుంది. వేరే లోహం ఎక్కువ కలవకపోతే ఎన్నిసార్లు కరిగించినా ఉక్కు గుణం చెడదు. కాగితం, ప్లాస్టిక్కు అలా కాదు, మళ్లీ మళ్లీ తయారు చేసిన కొద్దీ నాణ్యత దిగిపోతుంటుంది. ప్రపంచ ఉక్కు సంఘం లెక్క ప్రకారం ఒక టన్ను తుక్కు వాడితే 1.4 టన్నుల ఇనుప ఖనిజం, 740 కిలోల బొగ్గు, 120 కిలోల సున్నపురాయి మిగులుతాయి. ఒకటిన్నర టన్నుల కార్బన్ డయాక్సైడు గాలిలో కలవకుండా ఆగుతుంది. ఖాళీ డబ్బా సుమారు కిలో తూగుతుంది. అంటే మీరు పారేసే ఒక్కో డబ్బాతో ముప్పావు కిలో బొగ్గు పారేసినట్టే. రోజుకో డబ్బా వాడే హోటలు మూడేళ్లలో ఒక టన్ను ఉక్కు తుక్కుకి ఇవ్వగలదు.

మా దగ్గర బరువు ఇనుముకి ఒక రేటు, రేకుకి తక్కువ రేటు. మోసం చేస్తున్నామని కొందరు అనుకుంటారు. కారణం ఆ తగరమే. కరిగిన ఉక్కులో తగరం ఎక్కువైతే, వేడి మీద సాగదీసేటప్పుడు పగుళ్లొస్తాయి. అందుకే ఫర్నేసు వాళ్లు రేకుని కొద్దికొద్దిగా మాత్రమే కలుపుతారు. కాస్టిక్ సోడాలో వేసి తగరాన్ని విడదీసే పద్ధతి ఉంది. తగరం మనకి ఎక్కువగా బయటి దేశాల నుంచే రావాలి కాబట్టి ఆ పద్ధతి ఇంకా పెరగాలని నా కోరిక. దానికి రేకు వేరుగా, పెద్ద ఎత్తున పోగవ్వాలి. మీరు చెత్తలో కలిపేస్తే ఎక్కడ పోగవుతుంది?

ఇప్పుడు నన్ను బాధపెట్టే సంగతి. సాయంత్రం పూట హోటళ్ల వెనక సందుల్లో కొందరు తిరుగుతుంటారు. ఖాళీ డబ్బాకి నేనిచ్చే రేటు కంటే చాలా ఎక్కువిస్తారు. ఎందుకో తెలుసా? సొట్టలు తీసి, వేడినీళ్లతో కడిగి, మళ్లీ లూజు నూనె పోసి, మూతకి సీసం టాకా వేసి అమ్మడానికి. లోపల తుప్పు చుక్కలు, కుళ్లిన పాత నూనె వాసన, అన్నీ కొత్త నూనెలోకే. ఒకసారి వాడిన రేకు డబ్బాలో తినే నూనె నింపకూడదని ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది. ఆ నూనెతో బజ్జీలు వేసేదీ మన ఊరి బండివాడే, తినేదీ మన ఊరి పిల్లలే. అమ్మా, అన్నా, ఆ నాలుగు రూపాయల ఎక్కువ మనకొద్దు.

ఇంటి వాడకం సంగతి వేరు. విత్తనాలు పోసుకోండి, తులసి మొక్క పెట్టుకోండి. అది కూడా డబ్బాకి మంచి రెండో బతుకే.

నాకిచ్చేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. మూత బిగించి ఇవ్వకండి. ఆరేళ్ల కిందట నేను పంపిన లోడులో ఒక చిన్న డబ్బా మూతతోనే పోయింది. లోపల గుక్కెడు నీళ్లున్నాయంతే. చెన్నై దగ్గర గుమ్మిడిపూండి వైపు ఒక ఫర్నేసులో, 1,600 డిగ్రీల ఉక్కులో పడ్డాక ఆ నీళ్లు ఒక్క క్షణంలో ఆవిరై పేలాయి. అక్కడ పనిచేసే కుర్రాడి చెయ్యి కాలింది. నేను వెళ్లి చూశాను. ఆ రోజు నుంచి మా కొట్టులో ప్రతి డబ్బానీ విప్పి చూస్తున్నాం. సెంటు డబ్బాలు, దోమల మందు స్ప్రేలు కూడా అంతే, వాటిని వేరే సంచిలో వేసివ్వండి.

లోహపు ప్యాకింగుకి దాన్ని వాడే కంపెనీలే బాధ్యత తీసుకోవాలని కేంద్రం 2024 డిసెంబరులో ముసాయిదా నియమాలు విడుదల చేసింది. మంచిదే. కానీ డబ్బా మొదట ఖాళీ అయ్యేది మీ వంటగదిలో.

పెద్ద పనేం కాదు. నూనె వంచేశాక పొట్టు చల్లి తుడవండి, నీళ్లు కూడా దండగ కాదు. అడుగున మేకుతో రెండు చిల్లులు పొడవండి. కాలితో తొక్కి అణచండి, పది డబ్బాల చోటులో ముప్పై పడతాయి. చిల్లు పడిన డబ్బాని సందులో తిరిగేవాళ్లు కొనరు. నేను కొంటాను. బుధవారం, శనివారం మా బండి మీ వీధికి వస్తుంది, కాటా మీ కళ్ల ముందే వేస్తాం.

మేకు, సుత్తి తెచ్చాను. ముందు వరసలో కూర్చున్న అన్నా, ఒకసారి పైకి రండి. ఈ డబ్బా మీ హోటలుదే, మొదటి చిల్లు మీరే పొడవండి.