గట్టు మీద నడక, మెడలో కాపలా

శ్రోతలకు నమస్కారం.

మా నాన్నగారు రోజూ పొద్దున్నే కాలువ గట్టు వెంబడి లాకుల దాకా నడిచొస్తారు. ఒకరోజు చెమటైనా ఆరకుండానే బీపీ మిషను పెట్టించుకున్నారు. పై అంకె 160 దాటింది. "నడిస్తే తగ్గుతుందన్నావు, పెరిగిందేంట్రా?" అని మర్నాడు గుమ్మం దాటలేదు. ఈ భయం చాలామందికి ఉంది, అందుకే ఈ మాటలు.

లాకుల దగ్గర లస్కరును చూసే ఉంటారు. గేజీ మీద నీరు పెరిగితే తలుపులెత్తుతాడు, తగ్గితే దించుతాడు. మన మెడలోనూ అలాంటి కాపలా ఉంది. దవడ కింద వేలు పెడితే నాడి తగిలే చోట, రక్తనాళం గోడలో సన్నటి నరాల కొసలుంటాయి. గుండె మీది బృహద్ధమని వంపులో మరికొన్ని. రక్తం ఒత్తిడికి గోడ సాగితే మెదడు అడుగున ఉన్న మజ్జాముఖానికి కబురు వెళ్తుంది. వెంటనే గుండె నెమ్మదిస్తుంది, నాళాలు వదులవుతాయి. ఒత్తిడి పడిపోతే ఇదంతా తిరగబడుతుంది. మంచం మీంచి లేచిన ప్రతిసారీ మనల్ని తూలిపోకుండా నిలబెట్టేది ఈ కాపలాయే.

మరి నడిచేటప్పుడు? పిక్కలకు రక్తం ఎక్కువ కావాలి. అందుకని మెదడే గేజీ గుర్తును పైకి జరుపుతుంది. నాట్ల రోజుల్లో కాలువ నిండుగా పారినట్టే. లస్కరు నిద్రపోలేదు, కొత్త గుర్తు దగ్గర కాపలా కాస్తున్నాడు.

అసలు మేలు నడక ఆపాక కనిపిస్తుంది. నాళాల్ని బిగించే నరాలు చల్లబడి, బీపీ మామూలుకన్నా కాస్త దిగి కొన్ని గంటలు అలాగే ఉంటుంది. నెలల తరబడి నడిస్తే ఆ నరాల హడావుడే తగ్గుతుంది. బీపీ ఉన్నవాళ్లకు పై అంకె సుమారు 5 నుంచి 8 దాకా తగ్గవచ్చు. దానికి వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలు. అలాగని డాక్టరు చెప్పకుండా మాత్రలు మానకండి.

వేగంగా నడిచి టక్కున ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరగొచ్చు. చివరి ఐదు నిమిషాలు నెమ్మదించండి. ఊపిరి బిగపట్టి ధాన్యం బస్తా ఎత్తడం మాత్రం వేరే సంగతి. అప్పుడు బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. బీపీ ఉన్నవాళ్లు ఆ పని పెట్టుకోవద్దు.

నాన్నగారు మళ్లీ నడుస్తున్నారు. వచ్చాక అరుగు మీద అరగంట కూర్చుని, మజ్జిగ తాగి, అప్పుడు మిషను తెమ్మంటారు. అంకె మాత్రం నన్నే చదవమంటారు.