వెడల్పు బొటనవేళ్లు

శ్రోతలకు నమస్కారం.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి నుంచి ఒక తల్లి తన మూడేళ్ల కూతురిని చూపించడానికి వచ్చింది. ఆమె చెప్పిన బాధ మలబద్ధకం. పొట్ట నొక్కి చూద్దామని వంగితే పాప నా స్టెతస్కోపు పట్టుకుంది. అప్పుడు కంటబడ్డాయి బొటనవేళ్లు. చివర అట్లకాడలా వెడల్పుగా ఉండి, పక్కకు వంకర తిరిగి ఉన్నాయి. చెప్పులు విప్పించి చూస్తే కాలి బొటనవేళ్లూ అంతే. "మా మామగారి వేళ్లూ లావే సార్" అంది తల్లి. పాపకు ఇంకా మాటలు రాలేదు, నడకా ఆలస్యమే.

పక్కన కూర్చున్న అత్తగారు గొంతు తగ్గించి, "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు బయటికి వెళ్లొద్దంటే వినలేదు" అన్నారు. పెదవి చీలితే గ్రహణం మొర్రి అని పేరు పెట్టుకున్న భాష మనది. ఆమెను ఒక్కరినే ఏమనగలం?

ఈ లక్షణాలన్నీ కలిసి కనిపించే స్థితిని రూబిన్‌స్టీన్–టేబీ సిండ్రోమ్ అంటారు. 1963లో జాక్ రూబిన్‌స్టీన్ అనే పిల్లల వైద్యుడు, హూషంగ్ టేబీ అనే ఎక్స్‌రే నిపుణుడు అమెరికాలో ఏడుగురు పిల్లలను గమనించి దీన్ని వివరించారు. సుమారు 1,00,000 నుంచి 1,25,000 జననాలకు ఒకరిలో కనిపిస్తుందని అంచనా.

మగ్గం ఉన్న ఇల్లు కాబట్టి కారణం చెప్పడం సులువైంది. కండెకు చుట్టిన నూలు వదులైతేనే నేతకు అందుతుంది. మన కణాల్లోనూ డీఎన్ఏ పోగు అలాగే చుట్టుకుని ఉంటుంది. దాన్ని వదులు చేసే ప్రొటీన్ ఒకటుంది. దాన్ని తయారుచేసే జన్యువు 16వ క్రోమోజోము మీద ఉంది. దాని రెండు ప్రతుల్లో ఒకటి చెడితే ఆ ప్రొటీన్ చాలదు. ఎన్నో జన్యువులు వేళకు పని మొదలుపెట్టలేవు. వేళ్ల ఎముకలు, మెదడు ఎదుగుదల రెండూ దెబ్బతినేది అందుకే. కొద్దిమందిలో 22వ క్రోమోజోము మీది మరో జన్యువు కారణం. దాదాపు ఎప్పుడూ ఈ మార్పు బిడ్డలో కొత్తగా వచ్చేదే. మామగారి లావు వేళ్లకూ గ్రహణానికీ దీనితో సంబంధం లేదు. అదే తల్లిదండ్రులకు మరో బిడ్డలో ఇది వచ్చే అవకాశం 1 శాతం కన్నా తక్కువ.

జన్యువును సరిచేసే మందు లేదు. అయినా పేరు తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. మూడింట ఒకరికి గుండెలో లోపం ఉంటుంది, కాబట్టి గుండె స్కానింగ్ తప్పదు. కళ్లు, పళ్లు, మూత్రపిండాలు చూడాలి. మగపిల్లల్లో వృషణాలు కిందికి దిగాయో లేదో చూడాలి. ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి, వీరి గొంతులో గొట్టం వేయడం కష్టం కావచ్చు. ఈ పాపను తీసుకొచ్చిన మలబద్ధకమూ ఇందులో భాగమే. ఇంకొకటి, గాయం మానిన చోట చర్మం బుడిపెలా పెరగవచ్చు. కొమురవెల్లి మొక్కు తీర్చి, అక్కడే చెవులు కుట్టించాలని వాళ్లు అనుకుంటున్నారు. ఆగమన్నాను.

నిర్ధారణకు హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. చదువుకు, ఫిజియోథెరపీకి మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. మేధోపరమైన వైకల్యం 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పరిధిలోనిదే. ధ్రువపత్రం తీసుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. ఈ పిల్లలు పలికేదానికన్నా ఎక్కువ అర్థం చేసుకుంటారు. మనుషులంటే ఇష్టపడతారు. చాలామందికి పాటంటే ప్రాణం.

బతుకమ్మ పండుగ తర్వాత వాళ్లు మళ్లీ వచ్చారు. తల్లి పాట ఎత్తుకోగానే పాప ఆ వెడల్పు చేతులతో చప్పట్లు కొట్టి, చరణం చివర "ఉయ్యాలో" అంది. తాళం తప్పలేదు. అత్తగారు ఈసారి గ్రహణం మాట ఎత్తలేదు. కొమురవెల్లి వెళ్లొచ్చామని, వెంట్రుకలు మాత్రమే ఇచ్చామని చెప్పారు.