హనుమకొండలో ఒక జ్వరాల క్లినిక్: వైద్యం ఎలా ఉంది?

నమస్కారం. వానలు మొదలయ్యాయంటే వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఏ క్లినిక్ ముందు చూసినా చెప్పుల గుట్టలే. అలాంటి ఒక క్లినిక్ గురించి ఈ వీడియో. హనుమకొండలో ఉంది. ఇద్దరు డాక్టర్లు, కింద మందుల షాపు, పక్కనే ల్యాబు. లోపాలు కూడా చెబుతాను కాబట్టి పేరు చెప్పను.

ముందు జనం సంగతి. రద్దీగా ఉంటే డాక్టరు హస్తవాసి మంచిదని మనవాళ్ల లెక్క. నేను దానికి ఒక్క మార్కు కూడా వేయను. వైరల్ జ్వరాలు చాలావరకు వారంలో వాటంతట అవే తగ్గిపోతాయి. పేరు మాత్రం హస్తవాసికి దక్కుతుంది.

నేను చూసేది గది లోపల ఏం జరుగుతుందో. మా అత్తమ్మకు జ్వరమొచ్చి మూడో రోజు. పెద్ద డాక్టరు గారు చీటీ మీద పెన్ను పెట్టకముందే, "అమ్మా, మూత్రం సరిగా వస్తోందా? ఇంతకుముందు ఏ మాత్రలు వేసుకున్నారు?" అని అడిగారు. ఒళ్లు నొప్పులకని షాపులో కొన్న డైక్లోఫెనాక్ బయటపడింది. వెంటనే మాన్పించారు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు అలాంటి మాత్రలతో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, జ్వరానికి పారాసెటమాల్ చాలు. పరీక్ష కూడా సరైనదే రాశారు: తొలి రోజుల్లో రక్తంలో డెంగీ వైరస్ ఆనవాలు చూసే ఎన్‌ఎస్1, ఐదో రోజు దాటాక అయితే దాని మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీలను చూసే ఐజీఎం.

మా ముందు వెళ్లినవాళ్లు "నీరసంగా ఉంది, ఒక సీసా ఎక్కించండి సార్" అని పట్టుబట్టారు. ఆయన ససేమిరా అన్నారు. నోటితో తాగగలిగినప్పుడు ఓఆర్‌ఎస్ తాగించమన్నారు. అర లీటరు ఐదు శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెరే! వాళ్లు ముఖం మాడ్చుకుని వెళ్లారు. నా దృష్టిలో ఆ క్లినిక్‌లో ఎక్కువ మార్కులు పడాల్సింది అక్కడే.

ఇంకో మాట కూడా అన్నారు: "జ్వరం తగ్గిందని నిశ్చింతగా ఉండకండి, తగ్గాకే జాగ్రత్త. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా నా కోసం ఆగకుండా ఎంజీఎం ప్రభుత్వాసుపత్రికైనా వెళ్లిపోండి." రోగి వేరే ఆసుపత్రికి వెళ్లిపోయినా ఫరవాలేదనుకునే డాక్టరును నమ్మవచ్చు. అయితే ఇదంతా నోటిమాటే, చీటీ మీద లేదు. ఇంటికొచ్చేసరికి అత్తమ్మకు గుర్తున్నది కడుపునొప్పి ఒక్కటే. రాత్రి ఫోను చేస్తే ఎత్తే దిక్కు లేదు.

ఇక బీపీ. మెట్లెక్కి ఆయాసపడుతున్న మనిషికి వరండాలోనే పట్టీ చుట్టి, కబుర్లు చెబుతూ చూశారు. పై అంకె 160 వచ్చింది. కాసేపు కూర్చోబెట్టి చూడమని నేను అడిగాక 138! కనీసం ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో ఉంచి, మాట్లాడించకుండా చూడాలి. ఆ మొదటి అంకెను నమ్మితే జీవితాంతం మాత్రలు మింగాలి.

సాయంత్రం ఉండే చిన్న డాక్టరు గారి దగ్గర నాకు అసలు పేచీ. జ్వరమంటే చాలు, టైఫాయిడ్ కోసం చేసే వైడల్ రక్తపరీక్ష, ఆ వెంటనే టైఫాయిడ్ అని యాంటీబయాటిక్. ఒక్కసారి చేసిన వైడల్‌తో టైఫాయిడ్ తేల్చలేం, పాత ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా పాజిటివ్ రావచ్చు. రక్తం కల్చర్, అంటే రక్తంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే పరీక్ష, చేయించడం మేలు. చీటీ రాత కింది షాపువాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కాదు. మందుల పేర్లు స్పష్టంగా, జనరిక్ పేరుతో (కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు) రాయాలని భారత వైద్య మండలి 2016లోనే చెప్పింది. రుసుముల పట్టిక తెలుగులో గోడ మీద ఉండాలి, ఇక్కడ దేవుడి క్యాలెండర్ ఉంది.

పెద్ద డాక్టరుకు పదికి ఎనిమిది, క్లినిక్‌కు ఐదు. ఇది ఏ క్లినిక్కో పోల్చుకున్నవాళ్లు వెళితే ఉదయం వెళ్లండి, పెద్ద డాక్టరు గారు ఉండేది అప్పుడే. ప్రమాద లక్షణాలు చీటీ వెనకాల రాసిమ్మని అడగండి, అడిగితే రాస్తారు.