పంటి మీద కబుర్లు: కువైట్‌లో భాష రాకపోతే ఎలా?

నమస్తే అండి అందరికీ. సెలవు మీద ఊరొచ్చానండి. నరసాపురంలో పంటి, అంటే గోదావరి దాటించే పడవ, ఎక్కి సఖినేటిపల్లి వెళ్తున్నాం, గాలి హోరుకి మాట సరిగ్గా వినపడకపోతే ఏమనుకోకండి. మా వదిన వచ్చే నెల కువైట్ వస్తోంది. వీసా వచ్చిన దగ్గర్నుంచి ఒకటే టెన్షన్, "భాష రాకుండా ఎలా నెట్టుకొచ్చావమ్మా?" అని. వీడియో తీసేస్తే మన వైపు వాళ్ళందరికీ పనికొస్తుందని తీస్తున్నాను.

వదినా, మాటల కంటే ముందు అంకెలు నేర్చుకో. ధరల చీటీల మీదా, ఇళ్ళ నంబర్ల మీదా అరబ్బీ అంకెలుంటాయి. వాళ్ళ ఐదు అచ్చం మన సున్నాయే. వాళ్ళ సున్నా ఏమో వట్టి చుక్క. ఆరు చూస్తే మన ఏడులా ఉంటుంది. పైగా రాత కుడి నుంచి ఎడమకి, అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి! దినారుకి వెయ్యి ఫిల్సులు. దినారంటే మన 280 రూపాయల పైమాటే, కాబట్టి దినార్లెన్నో, ఫిల్సులెన్నో చూసుకుని మరీ డబ్బు తియ్యి.

నేను పనిచేసే ఇంట్లో, వంటింట్లో నేనైతే ప్రతి డబ్బా ఫొటో తీసి, మామా చేత, అంటే ఇంటావిడ చేత, దాని పేరు చెప్పించి రికార్డు చేసుకున్నాను. ఆవిడ మొదట నవ్వింది. తర్వాత తనే నల్లటి ఎండు నిమ్మకాయ పట్టుకొచ్చి, ఫోను దగ్గర నోరు పెట్టి రెండుసార్లు చెప్పింది. మచ్బూస్ అని మాంసంతో అన్నం వండుతారు, అందులో అది పడాల్సిందే. రాత్రి పడుకుని అవే వినేదాన్ని. నా పని తెమిలేసరికి ఇక్కడ పిల్లలు నిద్రపోయేవారు లెండి, రెండున్నర గంటల తేడా కదా.

అబ్బా, ఆ బుట్టలో పులస చూడండి! ఒక్క చేపకి చెప్పిన రేటు దినార్లలోకి మార్చుకుని నోరు మూసుకున్నాను.

ఏం చెబుతున్నాను... ఆ, నేను కువైట్ వెళ్ళి ముందు నేర్చుకున్నది హిందీ అండి! బాకాలాలో, అంటే కిరాణా కొట్లో, మలయాళీలో బంగ్లాదేశ్ వాళ్ళో ఉంటారు. వచ్చీరాని హిందీతో అందరం గడిపేస్తాం. శుక్రవారం సెలవు దొరికితే మనవాళ్ళు కువైట్ సిటీలో మాలియా అనే చోట చేరతారు. ఓసారి ఆ జనంలో వెనకనుంచి ఎవరో "ఆయ్" అన్నారు. ముక్కూమొహం తెలియని మనిషిని పట్టుకుని "మీదే ఊరండి?" అని అడిగేశాను. రాజోలట! అరగంట అక్కడే నిలబడిపోయాం.

ఇంటి నంబరు పలక ఫొటో తీసి ఫోనులో పెట్టుకో వదినా. టాక్సీలో అది చూపించి ప్రాంతం, బ్లాక్, వీధి చెబితే చాలు. ఆపదొస్తే 112.

ఇవన్నీ సరేగానీ, చేపల పులుసు పెట్టుకోనిస్తారా అంటోంది. చేపకేం లోటు లేదు, మన చందువా అంటే వాళ్ళూ ప్రాణం పెడతారు. చింతపండు మాత్రం ఇక్కణ్ణుంచే తెచ్చుకో. అక్కడి రేటు రూపాయల్లోకి మారిస్తే పులుసు గొంతు దిగదు.