ఆపి చూసే టీవీ

అందరికీ నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాల్లో టీవీ గురించి మాట్లాడమంటే మొదట సందేహించాను. కానీ ఈ వారోత్సవాలు మొదలయ్యే నవంబర్ 14కీ తెలుగు టీవీకీ చిన్న చుట్టరికం ఉంది. 1983లో అదే రోజున హైదరాబాద్ దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ గారు మొట్టమొదటిసారి తెలుగులో వార్తలు చదివారు. అప్పుడు చదవాల్సిన వాక్యాల్ని కెమెరా దగ్గరే చూపించే టెలీప్రాంప్టర్ లేదు. కాగితాల మీది వార్తలు గుర్తుపెట్టుకుని, మన కళ్లలోకి చూస్తూ చెప్పేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు మా తరం వాళ్లకి ఇంట్లో పెద్దాయన పోయినట్టే అనిపించింది. చెప్పిన వేళకి రోజూ ఇంటికొచ్చిన మనిషి కదా.

ఆ వేళ గురించే నేను మాట్లాడాలనుకుంటున్నాను.

శుక్రవారం అంటే సినిమా పాటల చిత్రలహరి. ఆదివారం పొద్దున అంటే రామాయణం. 1987 జనవరి నుంచి 1988 జులై దాకా ఆ సమయానికి వీధులు ఖాళీ అయ్యేవి. ఇది మీకు తెలిసిన కథే, సాగదీయను. నేను చెప్పేది ఆ సమయంలో టీవీ ముందు కూర్చోలేకపోయిన వాళ్ల సంగతి.

మాది ఉమ్మడి కుటుంబం. పదకొండు మందిమి. టీవీలో తెలుగు సినిమా వచ్చే సాయంత్రం పక్కింటి వాళ్లు కూడా వచ్చి కూర్చునేవారు. మా అమ్మ ఒక్క సినిమా కూడా మొదటి నుంచి చివరిదాకా చూడలేదు. గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఒక సీను, అందరికీ మంచినీళ్లు ఇచ్చి వచ్చి ఇంకో సీను. "ఆ పిల్ల ఎందుకేడుస్తోందిరా?" అని అడిగేది. "ఉండమ్మా, తర్వాత చెప్తా" అనేవాణ్ణి. ఎప్పుడూ చెప్పలేదు.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. ఛానళ్లు పెరిగాయి, సీరియళ్లు పెరిగాయి. అమ్మ పని మాత్రం వాటి వేళల మధ్య ఇరుక్కునే ఉంది. కరెంటు పోతే ఆ రోజు ఎపిసోడ్ పోయినట్టే.

తర్వాత 2016. జనవరిలో నెట్‌ఫ్లిక్స్, సెప్టెంబరులో జియో, డిసెంబరులో ప్రైమ్ వీడియో. ఈ మూడింట్లో మన ఇళ్లను మార్చింది జియోనే అని నా అభిప్రాయం. డేటా చవకైతేనే కదా మిగతావి. 2020లో తెలుగు కోసమే ఆహా వచ్చింది. అదే ఏడాది లాక్‌డౌన్‌లో మా మేనకోడలు అమ్మ చేతిలో ఫోన్ పెట్టింది. అమ్మ ముందుగా నేర్చుకున్నది వెతకడం కాదు, ఆపడం. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి. వేలితో తాకి బొమ్మ ఆపింది, వెళ్లి స్టవ్ కట్టేసింది, తీరిగ్గా వచ్చి మళ్లీ తాకింది. వదిలిన చోటు నుంచే సినిమా కదిలింది. "నాకోసం ఆగిందిరా" అంది. అప్పటికి ఆమెకి డెబ్భై ఏళ్లు.

అందుకే, అందరం ఒకచోట కూర్చుని చూసిన రోజులే బంగారం, నెట్‌ఫ్లిక్స్, ఆహా లాంటి ఓటీటీలు వచ్చి ఇళ్లు చెడ్డాయి అనే మాట నేను ఒప్పుకోలేను. మేమందరం కూర్చోగలిగామంటే, అమ్మ నిలబడి ఉండబట్టి.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టే సంగతి చెప్తాను. టవర్ నుంచి వచ్చే ప్రసారం పదిమందికైనా కోటిమందికైనా ఒకటే. ఇంటర్నెట్ పద్ధతి వేరు. వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ రకరకాల నాణ్యతల్లో సర్వర్లలో ఉంచుతారు. మీ ఫోన్ తన సిగ్నల్‌ని బట్టి తగిన ముక్కని అడిగి తెచ్చుకుంటుంది. సిగ్నల్ తగ్గినప్పుడు బొమ్మ మసకబారేది అందుకే. క్రికెట్ లైవ్ చూసేటప్పుడు పక్కింట్లో "అవుట్!" అని అరిచిన కాసేపటికి గానీ మన ఫోన్‌లో బౌలర్ పరుగు మొదలుపెట్టడు, అదీ ఇందుకే. ఒకే గోడకి అటూ ఇటూ రెండు వేళలు.

ఇలా ఎవరికి వారికి విడిగా వస్తోంది కాబట్టి, ఎవరు ఏం చూశారో, ఎక్కడ ఆపేశారో లెక్క ఉంటుంది. దాన్ని బట్టే తర్వాత ఏం చూపించాలో నిర్ణయిస్తారు. అమ్మ ఇప్పుడు తెలుగులోకి డబ్ చేసిన మలయాళం సినిమాలు ఇష్టంగా చూస్తుంది. చూసే కొద్దీ అవే ఇంకా వస్తాయి. నా మేనల్లుడి ఫోన్‌లో వాటి జాడే లేదు. వాడు ఫైట్లు చూస్తాడు, వాడికి ఫైట్లే వస్తాయి.

నా పదమూడో ఏట దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం వేరే భాషల అవార్డు సినిమాలు వేసేవారు. బెంగాలీ, అస్సామీ, కన్నడం, ఏదైనా సరే. కింద ఇంగ్లీషు అక్షరాలు. నాకు భాష రాదు, ఆ అక్షరాలూ సగమే అర్థమయ్యేవి. వేరే ఛానల్ లేదు కాబట్టి చూశాను. వరద నీళ్లలో పడవ మీద బడికి వెళ్లే పిల్లాడు, పొద్దస్తమానం ఎవరూ మాట్లాడని ఇల్లు... ఆ బొమ్మలు ఇవాళ్టికీ నాలో ఉన్నాయి. నన్ను ఎంచుకోమని ఉంటే వాటిని చచ్చినా ఎంచుకునేవాణ్ణి కాదు.

2024 నవంబర్‌లో దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతి వేవ్స్ అనే సొంత ఓటీటీ తెచ్చింది. పాత దూరదర్శన్ కార్యక్రమాలు అందులో పెడుతున్నారు. మంచి పని. కానీ అక్కడికి మనమే వెళ్లి వెతకాలి. ఉందనే తెలియనిదాన్ని మా మేనల్లుడు ఎలా వెతుకుతాడు? ఈ గ్రంథాలయంలో అయితే నేను వెతికిన పుస్తకం పక్కన వేరేది కనపడేది, చెయ్యి అటు పోయేది.

నిన్న మన గ్రంథపాలకుల్ని ఒకటి అడిగాను, ఒప్పుకున్నారు. వచ్చే శనివారం సాయంత్రం ఆరింటికి ఇదే హాల్లో ప్రొజెక్టర్ మీద ఒక సినిమా వేస్తున్నాం. ఏ సినిమానో, ఏ భాషో ముందు చెప్పం. పిల్లల్ని తీసుకురండి. టీ పెట్టే పని మగవాళ్లం చూసుకుంటాం. అమ్మ వస్తోంది, ముందు వరసలో కుర్చీ ఆమెది. మధ్యలో లేవాల్సి వస్తే ఎవరైనా సరే చెయ్యెత్తండి. ఆపుతాం.